పడకబండికి రెండు జబ్బులు

మొన్న ఆదివారం మా మనవరాలు, దాని మొగుడు కలిసి టాటానగర్ సోనారిలో మా ఇంటి ముందుకు ఒక బండి తెచ్చి నిలబెట్టారు. పైకి చూస్తే మామూలు వ్యానే గాని, లోపల రెండు మంచాలు, పొయ్యి, చేతులు కడుక్కునే తొట్టి, ఆఖరికి తల దువ్వుకోవడానికి అద్దం కూడా ఉన్నాయి. ఊళ్ళు తిరుగుతూ అందులోనే పడుకుంటారట, తెల్లారితే అందులోనే టీ పెట్టుకుంటారట. పాతది చూసి కొన్నారు. కొన్న కొద్ది రోజులకే స్టీరింగు ముందు పసుపుపచ్చ దీపమొకటి వెలిగి ఆరకుండా కూర్చుందనీ, యాక్సిలరేటర్ తొక్కితే బండి కాసేపు ఆలోచించుకుని గాని కదలడం లేదనీ చెప్పి, గ్యారేజీ అతన్ని మా ఇంటికే పిలిపించారు. అతను వచ్చి, స్టీరింగు కింద ఒక తీగ తగిలించి, చేతిలోని పలకలాంటి దాన్ని చూసి, ఫలానా సెన్సారు పోయిందని మార్చేసి, నేనిచ్చిన టీ చల్లారకముందే వెళ్ళిపోయాడు. బానెట్టు దగ్గర చెవి పెట్టి వినడం, పొగ రంగు చూడడం అలాంటివేమీ లేవు.

అలవాటు ఊరుకోదు కదా, నేను బండి వెనక్కి వెళ్ళి, నడుం పట్టుకుని వంగి, పొగగొట్టం దగ్గర వాసన చూశాను. మనవరాలు పకపకా నవ్వి, "దాదీ, క్యా సూంఘ్ రహీ హో?" అంది. దానికి తెలుగంతా అర్థమవుతుంది, నోరు మాత్రం హిందీలోనే తిరుగుతుంది. "పచ్చి పెట్రోలు వాసనొత్తందేమో సూత్తన్నానే," అన్నాను. ఈ ముసలమ్మకు పెట్రోలు వాసనలతో ఏం పని అన్నట్టు దాని మొగుడు నాకేసి చూశాడు. పాపం, అతనికేం తెలుసు. మన ఈడు వాళ్ళకైతే ఒక్క మాట చెబితే చాలు. పెట్రోలుకు గాలి కలిపిచ్చే కార్బరేటర్ ఉన్న పాత బళ్ళు ముక్కుతోనూ చెవితోనూ నడిచేవి, కళ్ళు దారి చూడ్డానికి మాత్రమే.

నేను టెక్కలి దగ్గర ఒక పల్లె నుంచి భాలుబాసాలో కాపురానికి వచ్చినదాన్ని. ఆ వీధిలో సగం ఇళ్ళు మనవాళ్ళవే. మగవాళ్ళు కొందరు రైల్వేలో, కొందరు కార్ఖానాల్లో. మా ఆయన గోల్‌మురి వైపు ఒక కార్ఖానాలో షిఫ్టు డ్యూటీ చేసేవారు, సైకిలు మీద పోయి సైకిలు మీద వచ్చేవారు. మా మావయ్య టాటానగర్ లోకో షెడ్డులో ఆవిరి ఇంజన్లకు ఫిట్టరుగా పనిచేసి, నేను వచ్చేనాటికి రిటైరయ్యారు. చేతులు ఊరుకునే మనిషి కాదు. ఇంట్లో తలుపు బందు కిర్రుమన్నా, పంపు చుక్క కారినా ఆయనకు నిద్ర పట్టేది కాదు. మాట తక్కువ. అత్తయ్యకు అంతకు రెట్టింపు మాట, కాబట్టి ఇంటికి మాటల కొరత ఎప్పుడూ రాలేదు.

నేను వచ్చిన కొత్తలోనే అత్తయ్య నీళ్ళగదిలో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. అది అతుక్కోవడం అతుక్కుంది గాని వంకరగా అతుక్కుంది. పడుకుంటే బాగానే ఉండేది, కూర్చోబెడితే ప్రాణాలు పోయేవి. మంచం మీద నుంచే వీధినంతా ఏలేది. కూర తరిగి ఇచ్చేది, పిల్లలకు నలుగు పెట్టేది, ఎవరింట్లో ఏం జరిగిందో అందరికంటే ముందు ఆవిడకే తెలిసేది. ఒక్క దిగులు మాత్రం ఆవిణ్ణి లోపల్లోపల తినేసేది. సోంపేట దగ్గర సముద్రం పక్క పల్లెలో ఆవిడకు ఒక్కగానొక్క చెల్లెలు ఉంది, మాకు చిన్నత్తయ్య. ఆవిడకు చూపు తగ్గిపోతోంది. ఒక కన్ను ఎప్పుడో పోయింది, రెండో కన్ను కూడా రోజురోజుకీ మసకబారుతోందని, ఇక ఎక్కువ కాలం నిలవదని అక్కడి డాక్టరు చెప్పాడట. చూపు పూర్తిగా పోకముందు అక్క మొహం ఒక్కసారి చూడాలని ఆవిడ, చూపించాలని ఈవిడ. మధ్యలో మూడు రాష్ట్రాల దారి.

రైలు మాట అనుకోకపోలేదు. ఒకసారి టాటానగర్ స్టేషను దాకా తీసుకెళ్ళాం కూడా. మంచానికి కట్టి నలుగురు మోస్తూ ప్లాట్‌ఫారం మీద తీసుకెళ్తుంటే జనం దారిచ్చి, టోపీలు తీసి నిలబడ్డారు. అత్తయ్య కళ్ళు తెరిచి అది చూసి, "నేనింకా సావనేదు, దించండి నన్ను," అని అరిచి, అక్కణ్ణుంచే ఇంటికి తిరిగొచ్చేసింది. ఖరగ్‌పూర్‌లో రైలు మారేటప్పుడు మళ్ళీ ఆ ఊరేగింపు తనకొద్దని తేల్చి చెప్పేసింది. నవ్వు వచ్చే సంగతే గాని ఆ రోజు ఎవరికీ నవ్వు రాలేదు.

అప్పుడు మావయ్య చేసిన పని తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఆశ్చర్యమే. ఒక చిన్న ఆసుపత్రివాళ్ళు వాడడం మానేసి ఏళ్ళ తరబడి షెడ్డులో పడేసిన పాత అంబులెన్సు ఉంటే, దాన్ని తెచ్చి మా ఇంటి ముందు నిలబెట్టారు. ఎక్కడో విదేశంలో పుట్టిన పెట్రోలు బండి. స్ట్రెచరు ఉన్న చోట అత్తయ్యకు కొబ్బరిపీచు పరుపుతో మంచం, ఎదురుగా ఇంకో సన్నపాటి మంచం, మూల కిరసనాయిలు స్టవ్వు, పైన నీళ్ళ డ్రమ్ము, కిటికీలకు అత్తయ్య పాత చీరలతో పరదాలు. వీధిలో హిందీవాళ్ళు దాన్ని చల్తా ఫిర్తా ఘర్, అంటే తిరిగే ఇల్లు అనేవారు, మనవాళ్ళు పడకబండి అనేవారు. ఈ రోజు మా మనవరాలు లక్షణంగా ఇంగ్లీషు పేరు పెట్టి పిలిచే బండి మా మావయ్య అప్పుడే చేశారని చెబితే అది నమ్మలేదు.

బండి ఇంటికి వచ్చిన రోజే అత్తయ్యను అందులో పడుకోబెట్టి పూజ చేశాం. చెల్లెల్ని కళ్ళారా చూస్తే ఆ ఊరి అమ్మవారికి చీర పెడతానని మొక్కుకుని, పసుపు గుడ్డలో నాణెం మూటగట్టి ముడుపు కట్టింది. ముడుపంటే తెలుసు కదా, ఒకసారి కడితే మొక్కు తీరేదాకా, ఆ గుడి ముందుకు వెళ్ళేదాకా విప్పకూడదు. స్టీరింగు పక్కన ముందు పలక మీద బయటికి పొడుచుకొచ్చిన నల్ల బుడిపె ఒకటి ఉంటే, దాని మెడకు పసుపు దారం గట్టిగా చుట్టబెట్టి చుట్టబెట్టి, చివర ముడుపు వేలాడదీశాం. ప్రతి శుక్రవారం దానికి పసుపు రాసి బొట్టు పెట్టడం నా పని. మావయ్య బండెక్కినప్పుడల్లా దాన్ని ముట్టుకుని కళ్ళకద్దుకునేవారు.

పొద్దున్నే చలిలో కూడా బండి ఒక్క తిప్పుకే స్టార్టయ్యేది. అంతా అమ్మవారి చలవ అనుకునేవాళ్ళం. తర్వాతే దాని గోల మొదలయ్యేది. వేడెక్కే కొద్దీ వెనకనుంచి నల్లటి పొగ, వీధంతా పచ్చి పెట్రోలు వాసన, ఆరేసిన బట్టల మీద మసి. పోనీ ఇంత పెట్రోలు తాగుతోంది కదా, పరిగెత్తుతుందా అంటే, పెడలు తొక్కగానే ఒక్కసారి ఊపిరి బిగబట్టి, గొంతులో ఏదో అడ్డుపడినట్టు గుటకేసి, ఆ తర్వాత మెల్లగా కదిలేది. చదును నేల మీదే ఇలా ఉంటే ఘాటీ ఎలా ఎక్కుతుందని మా ఆయన దిగులు పడేవారు. మా దారిలో బంగిరిపోసి ఘాటీ దాటాలి, లారీలే మూలిగే కొండదారి అది.

సాక్చీ నుంచి ఒక మేస్త్రీ వచ్చాడు. పెడలు తొక్కి చూసి, పెట్రోలు చాలడం లేదని కార్బరేటర్ మర వదులు చేసి వెళ్ళాడు. పొగ ఇంకా పెరిగింది. ఇంకో మేస్త్రీ వచ్చాడు. పొగ చూసి, పెట్రోలు ఎక్కువైందని అదే మర బిగించి వెళ్ళాడు. బండి అడుగు తీసి అడుగు వెయ్యడం మానేసింది. ఇద్దరూ పనివాళ్ళే, ఇద్దరూ నిజమే చెప్పారు, అదే ఇందులో చిత్రం. ఆకలీ అజీర్తీ ఒకే కడుపులో ఎలా ఉంటాయని మావయ్యకు పట్టుకుంది. ఆ మేస్త్రీలిద్దరికీ టీ ఇచ్చి పంపించి, ఇక ఎవర్నీ పిలవకుండా తానే కూర్చున్నారు.

ఆయన పని చేసే తీరు చూడాలి. ఒకసారికి ఒకటే ముట్టుకునేవారు. ఒకటి మార్చి, బండి స్టార్టు చేసి, విని, వాసన చూసి, తేడా లేకపోతే దాన్ని మళ్ళీ ఎప్పటిలా పెట్టేసి గాని రెండోదాని జోలికి వెళ్ళేవారు కారు. నాలుగు కలిపి మారిస్తే నాలుగింటిలో ఏది తప్పో దేవుడికి కూడా తెలియదని ఆయన నమ్మకం. మేస్త్రీలు తిప్పిన మరను ముందు పాత చోటికి తెచ్చారు. ప్లగ్గులు విప్పితే మూతులు కాటుక డబ్బీలో ముంచినట్టు ఉండేవి, వాటిని గీకి, కాల్చి, మళ్ళీ బిగించారు. ఆవిరి ఇంజను కొలిమి ముందు బతికిన మనిషి కాబట్టి నల్లపొగ వస్తోందంటే గాలి చాలడం లేదని ఆయనకు మొదటిరోజే తెలుసు. అందుకని గాలి వడపోసే డబ్బా విప్పి కడిగేవారు, దులిపేవారు, అది లేకుండానే నడిపి చూసేవారు. డబ్బా తీసినప్పుడు కార్బరేటర్ గొంతులో పల్చటి రేకొకటి ఏటవాలుగా నిలబడి కనిపించేది. మొదటిరోజు నుంచీ అలాగే చూశారు కాబట్టి అది దాని పుట్టుకేనని దాని జోలికి వెళ్ళలేదు.

ఈ పనిలో నన్ను ఎందుకు చేర్చారంటే పెడలు తొక్కడానికి ఇంకో మనిషి కావాలి, మా ఆయన డ్యూటీలో ఉండేవారు. మా వైపు ఇళ్ళలో కోడలు మామగారి ఎదుట కూర్చోదు, ఎదురుపడి మాట్లాడదు. ఏదైనా చెప్పాలంటే తలుపు చాటు నుంచి గోడకు చెప్పినట్టు చెప్పాలి. అలాంటిది ఆయన బానెట్టు కింద వంగి ఉంటే నేను పైన డ్రైవరు సీటులో దొరసానిలా కూర్చోవడం! మొదటిరోజు సిగ్గుతో చచ్చిపోయాను. మాటలు లేవు కాబట్టి మావయ్య బానెట్టు మీద వేళ్ళతో కొట్టేవారు. ఒకసారి కొడితే తొక్కాలి, రెండుసార్లు కొడితే వదలాలి. ఆ చప్పుడు తప్ప మా మధ్య వేరే సంభాషణ లేకుండానే నేను ఇంజను మాట వినడం నేర్చుకున్నాను. అత్తయ్య వసారాలో మంచం మీద నుంచే చూస్తూ, "మావాకోడళ్ళు తబలా కచేరీ ఎట్టినారు," అని వచ్చేపోయేవాళ్ళకు చెప్పేది.

ఒక శుక్రవారం మావయ్య ఇంజను వేడెక్కాలని ఆన్ చేసి వెనక పొగ చూస్తున్నారు. నేను ముడుపుకు పసుపు రాస్తున్నాను. దారం సందుల్లో పాత పసుపు గడ్డకట్టి ఉంటే, తుడుద్దామని ఆ బుడిపెను పట్టుకుని కొంచెం ఇవతలికి లాగాను. అంతే, ఇంజను గొంతు మారిపోయింది, వెనక పొగ భగ్గుమంది. భయపడి వెనక్కి నెట్టేశాను, పొగ మళ్ళీ మామూలైంది. మావయ్య వెనకనుంచి పరిగెత్తుకొచ్చి బానెట్టు మీద ఒకసారి కొట్టారు. మళ్ళీ లాగాను, మళ్ళీ పొగ. ఆయన నా చేతికేసి, ఆ దారానికేసి చూసి, ఇంజను ఆపేసి, బండి మెట్టు మీద కూర్చుండిపోయారు.

ఆ బుడిపె చోక్. చలిలో బండి స్టార్టు కావడానికి గాలి తగ్గించి పెట్రోలు ఎక్కువిచ్చే మీట అది. స్టార్టు కాగానే లోపలికంటా నొక్కెయ్యాలి. కాని దాని మెడకు మేము చుట్టిన పసుపు దారం అడ్డుపడి, అది ఏనాడూ పూర్తిగా లోపలికి పోలేదు. గొంతులోని రేకు అందుకే ఏటవాలుగా ఉండిపోయి గాలికి అడ్డం పడుతోంది. గాలి ఎక్కడ మూసుకుపోతోందా అని ఆయన బండంతా గాలించారు గాని, రోజూ కళ్ళకద్దుకునే చోట వెతకలేదు. ఎలా వెతుకుతారు, అది అమ్మవారి చోటు కదా. ఆ మేస్త్రీలు కూడా ముడుపు చూసి దండం పెట్టి పక్కకు తప్పుకున్నవాళ్ళే.

సాయంత్రం మా ఆయన వచ్చి సంగతి విని, ఇందులో ఇంత ఆలోచించడానికేముందన్నారు. "అమ్మ పడుకున్నప్పుడు ఇప్పేసి పక్కన ఎక్కడో కట్టీసెద్దాం నాన్నా, ఆవిడికేటి తెలుత్తాది?" అన్నారు. మావయ్య తల అడ్డంగా ఊపారు. "కట్టింది అది. ఇప్పితే అదే ఇప్పాల. దానికి సెప్పకుండా దాని మొక్కు ముట్టుకోడానికి మనమెవుళం?" అన్నారు. ఆ మాట నేను తలుపు చాటు నుంచి విన్నాను. భార్యను మంచం మీద పడి ఉన్న మనిషిగా కాక మనిషిగా చూసే మగవాణ్ణి చూడడం అప్పటికి నాకు కొత్త. ఆ రోజు నుంచి ఆయనంటే నాకున్న భయం పోయి ఇంకేదో వచ్చింది. దాన్ని గౌరవమంటే చిన్నమాట.

ఆయనే వెళ్ళి అత్తయ్యకు ఉన్నదున్నట్టు చెప్పారు. ఆవిడ విని గోడవైపు తిరిగి పడుకుంది. రెండు పూటలు మాట లేదు, మా ఇల్లు ఇల్లులా లేదు. మర్నాడు తలంటు పోయించుకుని, తనను బండి దగ్గరికి మొయ్యమంది. అమ్మవారికి లెంపలేసుకుని, ఆ దారం చుట్టు వెంట చుట్టు తానే విప్పి, ముడుపును మణికట్టుకు కట్టుకుంది. మావయ్య బుడిపెను నొక్కితే కడదాకా పోయింది. ఇంజను ఆన్ చేస్తే పొగ లేదు, వాసన లేదు. వీధిలోవాళ్ళంతా చప్పట్లు కొట్టారు.

ఆ సంతోషం మీద అత్తయ్యను పడుకోబెట్టుకుని డిమ్నా చెరువు వైపు బయలుదేరాం, ఘాటీకి ముందు చిన్న ఎత్తు ఎక్కి చూద్దామని. ఎత్తు మొదలయ్యే చోట మా ఆయన పెడలు తొక్కారు. బండి ఒక్కసారి ఉలిక్కిపడి, ఊపిరి పోయినట్టు ఆగిపోయింది. మళ్ళీ స్టార్టు చేశారు, మళ్ళీ అంతే. ఇదివరకు గుటకేసైనా కదిలేది, ఇప్పుడు అసలు చచ్చిపోతోంది. వెనక లారీల హారన్లు, దాటిపోయేవాళ్ళ తిట్లు. బండిని వెనక్కి దొర్లించి పక్కకు తీశాం. లోపల అత్తయ్య ఏడవలేదు, గొంతు కూడా పెంచలేదు. "అమ్మోరు సూసుకుంది. నా మాట తప్పినానని సెప్తంది. ఇంటికి తోలండి, నాను రాను," అంది. ఆ మాట అన్న తీరు చూస్తే ఇక ఆవిడ ఎక్కడికీ రాదని నాకు అర్థమైంది. ఒక వెర్రి ఊహ కూడా వచ్చింది నాకు, మళ్ళీ ఆ దారం చుట్టేస్తే పోదా అని. చుడితే నిజంగానే కొంచెం కదిలేదేమో కూడా.

మావయ్య మాత్రం ఇంటికి వచ్చి, చొక్కా విప్పి కొక్కేనికి తగిలించి, మళ్ళీ బానెట్టు ఎత్తారు. అందరూ అపశకునం చూసిన చోట ఆయనకు ఒక ఆధారం దొరికింది. పొగ పోయింది, తడబాటు పెరిగింది. అంటే ఈ రెండూ ఒకే జబ్బు కాదు. రెండు జబ్బులు. ఇన్నాళ్ళూ ఎక్కువైన పెట్రోలు రెండో జబ్బును కప్పిపుచ్చుతూ వచ్చింది, ఇప్పుడు దుప్పటి తీసేసరికి అది బయటపడింది. ఇంజను ఆన్ చెయ్యకుండానే గాలి డబ్బా విప్పి, కార్బరేటర్ గొంతులోకి టార్చి వేసి చూస్తూ బానెట్టు మీద ఒకసారి కొట్టారు. తొక్కాను. మళ్ళీ కొట్టారు, మళ్ళీ తొక్కాను. అప్పుడు, నేను ఆ ఇంటికి వచ్చిన తర్వాత మొదటిసారి, నా మొహం చూసి నాతో మాట్లాడారు. "అమ్మా, ఇల్రా. నువ్వు సూడు," అన్నారు.

కొంగు సర్దుకుని వెళ్ళి వంగి చూశాను. ఈసారి పెడలుకు కట్టిన కడ్డీని ఆయన చేత్తోనే లాగారు. పెడలు తొక్కగానే అక్కడ చిన్న గొట్టంలోంచి పెట్రోలు సన్నటి పిచికారీలా చిమ్మాలట. ఇంజను పరుగందుకునే ముందు నోట్లో పోసే గుక్క లాంటిది. మాకు ఒక చుక్క ఊరి, అక్కడే జారిపోయింది. ఆ పిచికారీ విప్పితే లోపల వేలి చివరంత తోలు గిన్నె. బండి షెడ్డులో పడి ఉన్న ఏళ్ళలో ఎండిపోయి, ముడుచుకుని, పాతబడిన ఉసిరి పెచ్చులా తయారైంది. పక్కల సందు వదిలేస్తే ఇక అది దేన్ని నెడుతుంది? కొత్తది దొరికే బండి కాదది. మావయ్య దాన్ని చిన్న స్టీలు గిన్నెలో పెట్టి, తిన్నగా అత్తయ్య మంచం దగ్గరికి తీసుకెళ్ళారు.

"సూడు, ఇదీ అమ్మోరి కోపం," అని ఆ తోలు ముక్కను ఆవిడ అరచేతిలో పెట్టారు. ఎగతాళిగా కాదు, డాక్టరు రోగి ఇంటివాళ్ళకు చెప్పినంత నిదానంగా రెండు జబ్బుల కథా చెప్పారు. ఆవిడ దాన్ని వేళ్ళ మధ్య నలిపి చూసి, "ఇదేటి, సెక్కలాగున్నాది. ఆవిదం తే," అని నాకు పురమాయించింది. వీధిలో పుట్టిన ప్రతి పిల్ల మాడుకూ ఆముదం పెట్టిన వేళ్ళవి. వేడి చేసిన ఆముదంలో ఆ తోలును నానేసి, తీసి, బొటనవేలితో అంచులు సాగదీస్తూ, మళ్ళీ నానేస్తూ, మర్నాడు మధ్యాహ్నం దాకా అదే పని. పాపాయి చెవిని మర్దనా చేసినంత మెత్తగా చేసింది. చేతి పనితో పాటు నోటికీ పని తిరిగి వచ్చింది, మధ్యమధ్య మావయ్యను రెండు మాటలు కూడా అంది. ఇంటికి ప్రాణం వచ్చింది.

మావయ్య కార్బరేటర్‌ను వసారాలోకే తెచ్చి, తోలు బిగించి, పెట్రోలు బదులు కిరసనాయిలు పోసి, మీటను అత్తయ్య చేతికే ఇచ్చారు. ఆవిడ నొక్కింది. సన్నటి ధార చివ్వున చిమ్మి ఎదుటి గోడ మీద పడింది. మళ్ళీ నొక్కింది. గోడంతా మరకలు చేసేదాకా వదలలేదు. ఆఖరికి కొంగుతో వేళ్ళు తుడుచుకుని, "తోలెండిపోతే అమ్మోరిమీద ఎట్టేసినాను. అపచారం. బేగి ఎలిపోదాం," అంది.

బంగిరిపోసి ఘాటీ దగ్గర లారీలవాళ్ళు అమ్మవారికి దండం పెట్టుకునే చోట మేమూ ఆగి దండం పెట్టుకున్నాం. మా ఆయన స్టీరింగు ముందు, మావయ్య పక్కన కూర్చుని నాడి చూసేవాడిలా అరచెయ్యి ముందు పలక మీద ఆనించి, నేను వెనక అత్తయ్య దగ్గర. ఎత్తులో పెడలు తొక్కిన ప్రతిసారీ ఆవిడ నా చెయ్యి నొక్కేది. బండి ఒక్కసారీ తడబడలేదు. అవతల కిందికి దిగాక మావయ్య ఆపించి, ప్లగ్గొకటి విప్పి, చేతిగుడ్డలో పెట్టుకుని వెనక్కి తెచ్చి మా ఇద్దరికీ చూపించారు. మూతి దోరగా కాలిన గోధుమరొట్టె రంగులో ఉంది. మగవాడు తన భార్యకు తెచ్చిన నగను చూపించడం చాలాసార్లు చూశాను గాని అంత మురిపెంగా చూపించడం మళ్ళీ చూడలేదు.

చిన్నత్తయ్య ఇల్లు ఇసుక దిబ్బ పక్కన. అత్తయ్యను దించబోతే చిన్నత్తయ్యే వద్దని, గుమ్మం నుంచి తడుముకుంటూ వచ్చి బండెక్కింది. దూరానివి ఏవీ ఆనడం లేదు గాని ముక్కుకు ఆనించి చూస్తే ఇంకా కనిపిస్తోంది. పరదా తీసి వెలుగు పడేలా చేశాం. అక్క మొహానికి తన మొహం ఆనించి, నుదురు, కనుబొమలు, ముక్కుపుడక, పెదవి పక్క పుట్టుమచ్చ, ఒక్కొక్కటే వెతుక్కుంటూ చూసింది. చాలాసేపు చూసింది. "ముసిల్దానివైపోనావే," అంది చివరికి. "నువ్వేటి, పెళ్ళికూతురివా?" అంది మా అత్తయ్య. తర్వాత ఇద్దరూ పట్టుకుని ఏడ్చారు. మావయ్య కిందికి దిగి, ఏదో పనున్నట్టు బండి టైర్లు తన్ని చూస్తూ అటు తిరిగి నిలబడ్డారు. మేమున్నన్నాళ్ళూ అక్కచెల్లెళ్ళు ఆ రెండు మంచాల మీదే ఉన్నారు, అన్నాలు కూడా అందులోకే తెప్పించుకున్నారు. అమ్మవారికి చీర పెట్టి వచ్చాం. ఆ ఏడు వానలు వెళ్ళేసరికి చిన్నత్తయ్యకు ఆ కాస్త చూపూ పోయిందని కబురు వచ్చింది. అత్తయ్య ఆ కబురు విని బాధపడింది గాని బెంబేలు పడలేదు. "నన్ను సూసీసినాదిలే," అంది.

ఇప్పుడు ఆ అక్కచెల్లెళ్ళిద్దరూ లేరు, మావయ్యా లేరు, మా ఆయనా లేరు. బళ్ళు బాగుపడ్డాయి, అది మంచిదే, ఆముదం రాసుకుంటూ కూర్చోమని నేను ఎవరికీ చెప్పను. దీపం వెలిగితే గ్యారేజీ అతని చేతిలో పలక చెబుతుంది, పలక చెప్పింది మారిస్తే బండి నడుస్తుంది. ఘాటీ కూడా అప్పటంత కష్టం కాదట. పొద్దున్న బయలుదేరితే రాత్రికి సోంపేట అని మనవరాలు లెక్క చెబుతోంది. టెక్కలిలో నాకూ ఒక చెల్లెలుంది. నేనూ అదీ రోజూ ఫోనులో మొహాలు చూసుకుంటాం. అదేం వండిందో నాకు తెలుసు, నేను ఏ మాత్ర వేసుకున్నానో దానికి తెలుసు. రోజూ కనిపిస్తున్నాం కదా అని, దగ్గరకు వెళ్ళాలన్న ఆత్రమే మా ఇద్దరికీ లేకుండా పోయి ఎన్నేళ్ళయిందో. కిందటి నెలలో ఒకనాడు అన్నీ మాట్లాడుకుని ఫోను పెట్టేయబోతుంటే అది ఉన్నట్టుండి, "అక్కా, రోజూ సూత్తన్నాను గానీ నీ సెయ్యెలాగుంటాదో మర్సిపోనాను," అంది. నేను ఏదో అని నవ్వేశాను. ఆ తర్వాత చాలాసేపు నా చెయ్యి నేనే చూసుకుంటూ కూర్చున్నాను.